ఎనభై నాలుగో రోజు

తిరుపతమ్మ ఆ సీసాను తెచ్చి నట్టింట్లో బండల మీద పెట్టింది. సగం తాగిన విస్కీ సీసా. మూతకు ఎర్రమట్టి అంటుకుని ఉంది.

"బోరు మోటారు కొట్టంలో, స్టార్టరు డబ్బా ఎనక దొరికింది" అందామె. "పొద్దన్నే మోటారు ఎయ్యను పోయినా."

ఆమె ఎవరి వైపూ చూడలేదు. కానీ ఇంట్లో అందరి చూపూ చిన్న కొడుకు ఓబుళేశు మీదికే పోయింది. అతను మంచం పట్టె మీద కూర్చుని కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. రెండు చేతులు పట్టినా గ్లాసు వణుకుతూనే ఉంది.

నాగజ్యోతి వంటింటి గడపలో ఆగిపోయింది. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. ఓర్వకల్లు నుంచి కర్నూలుకు ఎనిమిదింటి బస్సు పట్టుకోవాలి. ఆమె కర్నూలులో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. పదకొండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ షుగర్లూ లివర్లూ మిషనులో పెట్టి చూస్తున్న మనిషి. మొగుడి మొహం చూసి మాత్రం ఏదీ తేల్చుకోలేకపోయింది.

అతను మందు మానేసి ఎనభై నాలుగు రోజులు. మొదటి రెండు నెలలూ ఎట్లాగో గడిచాయి. గత మూడు వారాలుగా మళ్ళీ మొదటికొచ్చినట్టుంది. తెల్లవారకముందే లేచి వాకిట్లో తిరుగుతాడు. ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసిపోతుంది. నిన్న మధ్యాహ్నం సంగటిలో ఉప్పు తక్కువైందని కంచం తోసేసి లేచిపోయాడు. తాగినప్పుడు సరిగ్గా ఇట్లాగే ఉండేవాడు.

"నేను తాగలేదు" అన్నాడు ఓబుళేశు.

"పోయినసారి గూడా ఇదే మాట అంటివి గదా నాయనా" అంది తల్లి.

పోయినసారి అతను చెప్పింది అబద్ధమే.

పెద్ద కొడుకు రాజశేఖర్ అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నాడు. మర్నాడు అతను సర్పంచి పదవికి నామినేషను వేయాలి. తెల్ల చొక్కాలు నాలుగు ఇస్త్రీ అయి వచ్చి ఉన్నాయి. ఊరిని నడిపించేవాడి ఇంట్లో తమ్ముడు తాగి రోడ్డున పడితే ఎదుటి పార్టీవాళ్ళకు అంతకన్నా ఏం కావాలని అతను వారం రోజులుగా అంటూనే ఉన్నాడు. వాకిట్లోకి పోయి రెండు నిమిషాలు మాట్లాడి వచ్చాడు. కడప దగ్గర మందు మాన్పించే సెంటరువాళ్ళ బండి నాలుగింటికి వస్తుందనీ, ఆరు నెలలు అక్కడే ఉంచుకుంటారనీ చెప్పాడు.

సెంటరు మాట వినగానే ఓబుళేశు చేతిలో కాఫీ బండల మీద ఒలికింది. మూడేళ్ళ కింద అతన్ని అక్కడికే పంపారు. నలభై రోజులు తాళం వేసిన గదిలో పెట్టి, ఎదురు తిరిగిన రోజున మంచానికి కట్టేశారు. మణికట్ల మీద తాళ్ళ గుర్తులతో బయటికొచ్చినవాడు ఆ సాయంత్రమే బస్టాండులో తాగాడు.

నాగజ్యోతి టిఫిన్ డబ్బా కింద పెట్టింది.

"బావా, బండి సాయంత్రానికి గదా వచ్చేది. ఈ లోపల పరీక్ష చేపిద్దాం. తాగినాడో లేదో రక్తమే చెప్తాది."

"నీ ల్యాబు, నీ చేతి రిపోర్టు. ఎవరు నమ్మల్ల జ్యోతీ?"

"నేను ముట్టుకోను. మా క్రాంతి కుమార్ తీస్తాడు, మిషను చెప్తాది. మీరు ఎదురుగా కూర్చోండి."

రాజశేఖర్ తనకు తీరిక లేదన్నాడు. పార్టీవాళ్ళు వస్తారన్నాడు. అప్పుడు ఓబుళేశు లేచి నిలబడ్డాడు. గోడ పట్టుకున్నాడు గానీ గొంతు మాత్రం నిలకడగా ఉంది.

"రాన్నా. నీ కారులోనే పోదాం. తాగినట్టు తేలితే నాలుగింటికి గేటు కాడ నేనే నిలబడతా. నన్నెవరూ పట్టుకోని ఎక్కియ్యాల్సిన పన్లేదు."

తమ్ముడు అంత సూటిగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. రాజశేఖర్ కాసేపు అతని కళ్ళలోకి చూసి, చూపు తిప్పుకుని, కారు తాళాలు తీసుకున్నాడు.

*

దారి పొడుగునా కారంతా యాలకుల వాసన. రాజశేఖర్ ఒకటి అయిపోగానే ఇంకొకటి నోట్లో వేసుకుంటున్నాడు. వెనక సీట్లో కూర్చున్న నాగజ్యోతి రాతిగుట్టలను చూస్తూ తన మీద తనే కోపం తెచ్చుకుంది. మొగుడి తరఫున వాదించింది నిజమే. కానీ తన మనసులో నమ్మకమెంత, భయమెంత అని అడిగితే భయం పాలే ఎక్కువ.

ల్యాబులో క్రాంతి కుమార్ ఏమీ అడగకుండా ఓబుళేశును కుర్చీలో కూర్చోబెట్టాడు. నాగజ్యోతి చేతులు కట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. రెండు పరీక్షలు. మొదటిది మూత్రంలో ముంచే పట్టీ. మూడు రోజుల లోపల తాగి ఉంటే పట్టిస్తుంది; తాగినవాడికి ఒక్క గీతే పడుతుంది, తాగనివాడికి రెండు. రెండోది రక్తంలో జీజీటీ. నెలల తరబడి తాగేవాడికి లివరు నుంచి ఆ లెక్క పైకి లేస్తుంది, మానితే నిదానంగా దిగుతుంది.

పట్టీ మీద ఒక గీత కనిపించింది. రెండో గీత కోసం నాగజ్యోతి తలుపు దగ్గర నుంచే మెడ చాచి చూసింది. అయిదు నిమిషాల్లో రెండోదీ తేలింది.

"రెండు గీతలు సార్" అన్నాడు క్రాంతి కుమార్, పట్టీని రాజశేఖర్ ముందు పెడుతూ. "తాగలేదు."

రాజశేఖర్ దాన్ని చాలాసేపు చూశాడు. మూడు రోజులకు ముందు తాగి ఉండొచ్చు గదా అన్నాడు. నిజమే, అందుకే రక్తం కూడా తీశామనీ, గంటలో వస్తుందనీ క్రాంతి కుమార్ మర్యాదగా చెప్పాడు. చెప్పి, మంచి మనసుతోనే ఇంకో మాట కలిపాడు. రేపటి నుంచి సార్ ప్రచారానికి ఎండలో తిరుగుతారు కాబట్టి, వచ్చింది వచ్చారు, ఆయన కూడా షుగరూ లివరూ ఒకసారి చూపించుకుంటే బాగుంటుందని.

రాజశేఖర్ చొక్కా చేతిని మణికట్టు దాకా లాక్కున్నాడు. "నాకేమైంది?" అన్నాడు. గొంతు అవసరానికి మించి లేచింది. కారులో ఫోనులు చూసుకోవాలని చెప్పి బయటికి పోయాడు.

*

పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. సందు చివర బండి దగ్గర నాగజ్యోతి రెండు ప్లేట్లు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తీసుకుంది. ఓబుళేశుకు తినాలని లేదని ఆమెకు తెలుసు. మూడు నెలలుగా అతనికి ఏ తిండీ రుచించలేదు. ఏది పెట్టినా మన్ను తిన్నట్టే ఉందనేవాడు. పిల్లల నవ్వు వినపడినా, చేలో కంది విరగబూసినా లోపల ఏమీ కదలడం లేదని ఒకరోజు ఆమెతో చెప్పుకుని ఏడ్చాడు. సంతోషం పుట్టించే రసాయనం మెదడులో అడుగంటిందనీ, ఇన్నాళ్ళు మందే దాన్ని దొంగతనంగా తోడేసిందనీ, ఊరడానికి నెలలు పడుతుందనీ వాళ్ళు చూపించుకుంటున్న మానసిక వైద్యురాలు జ్ఞానమణి చెప్పింది.

అతను ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్దకు బజ్జి కొరికాడు. నమలడం ఆపాడు.

"ఏమైంది?" అంది ఆమె కంగారుగా.

"కారం" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మిరక్కాయ కారం తెలుస్తాండాది జ్యోతీ. పుట్నాల పొడి వాసన గూడా."

అతను ప్లేటంతా తిని, వేళ్ళు నాకి, బండివాణ్ణి ఇంకో ప్లేటు అడిగాడు. కొన్ని వేల రిపోర్టులు చేతులారా తీసిన నాగజ్యోతికి, ఆ క్షణాన ఏ మిషనూ చెప్పలేని సంగతి ఎదురుగా కనపడుతోంది. పొద్దున్నుంచి మోస్తున్న భయం ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. తన ప్లేటులోని బజ్జి కూడా తీసి అతని ప్లేటులో వేసింది.

తిరిగి పోయేసరికి రక్తం రిపోర్టు వచ్చి ఉంది. అతను తాగే రోజుల్లో జీజీటీ మూడు వందల పద్దెనిమిది. ఇప్పుడు నలభై నాలుగు, మామూలు మనిషి లెక్క. క్రాంతి కుమార్ అనుమానం లేకుండా రెండుసార్లు నడిపించాడట.

రాజశేఖర్ కాగితం తిరగేసి మరగేసి చూశాడు. "మరి ఈ వణుకేంది? ఆ చెమటలేంది?"

"ఆ సంగతి డాక్టరమ్మను అడుగుదాం రాన్నా" అన్నాడు ఓబుళేశు.

*

జ్ఞానమణి మొదట రిపోర్టు చూసి, తల ఎత్తి ఓబుళేశుకు చెయ్యి అందించింది. అతని చెయ్యి వణుకుతున్నా గట్టిగా పట్టుకుని ఊపింది. తర్వాత రాజశేఖర్ వైపు తిరిగింది.

"మెదడుకు భయమేస్తే కార్టిసాల్ అనే హార్మోను ఒంట్లోకి వస్తుందండీ. అది చెడ్డది కాదు. పొద్దున మనల్ని నిద్ర లేపేది కూడా అదే. పనయ్యాక దిగిపోవాల. చేన్లో కావలోడు అడివిపందులొస్తే డబ్బా కొడతాడు, పోయినాక పండుకుంటాడు గదా, అట్ల. మీ తమ్ముడు పదైదేండ్లు మందు పోసి ఆ కావలోణ్ణి చెడగొట్టినాడు. ఇప్పుడు కాకి వాలినా వాడు డబ్బా కొడతాండాడు. ఆ మోత తాగినోని వణుకు కాదు. మానినోని వణుకు."

ఆమె మాటలు తేలిగ్గా ఉన్నాయి గానీ రాజశేఖర్ మొహంలో తేలిక లేదు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. కొందరికి నెలలు, కొందరికి ఏడాది అందామె. మధ్యలో మనసుకు దెబ్బ తగిలితే, ఇంట్లో గొడవైతే, మళ్ళీ పెరుగుతుంది. అప్పుడే గొంతు మందును అడుగుతుంది. "ఇంట్లో దినామూ కోర్టు పెడితే మాత్రం ఎప్పటికీ దిగదు" అంది.

లేవబోతూ రాజశేఖర్ మళ్ళీ కూర్చున్నాడు.

"ఇంకా మాననోళ్ళకు గూడా... పొద్దన లేస్తూనే చేతులు వణుకుతాయా? రవ్వంత తాగితే నిలిచిపోతాయా?"

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "ఎవరికి?"

"ఊరికే అడిగినా" అని అతను లేచి వెళ్ళిపోయాడు.

నాగజ్యోతికి కారులోని యాలకుల వాసన గుర్తుకొచ్చింది. చొక్కా చెయ్యి లాక్కోవడం గుర్తుకొచ్చింది. వరండాలో మొగుణ్ణి ఆపి మొహంలోకి చూసింది.

"ఆ సీసా ఎవరిదో నీకు తెలుసు."

ఓబుళేశు అన్న పోయిన వైపు చూశాడు. "మూడు వారాలాయ చూసి" అన్నాడు. "మోటారు ఆపను పోతే అన్న గోడకు ఆనుకోని తాగుతాండాడు. నన్ను చూల్లేదు. ఆ వాసనకు నా నోట్లో నీళ్ళూరె జ్యోతీ. ఎనక్కి తిరిగి ఉరికినట్ల నడిచినా. ఆ పొద్దు నుంచి నిద్ర లేదు. దినామూ ఆ కొట్టం నన్ను పిలుస్తానే ఉండాది."

మూడు వారాలు. వణుకు తిరగబెట్టింది, చెమటలు మొదలైంది సరిగ్గా అప్పటి నుంచే. మందు రెండు వందల అడుగుల దూరంలో ఉందని తెలిసీ, మోటారు వేయడానికి రోజూ అటే పోతూ, ముట్టుకోకుండా తిరిగొచ్చిన మనిషిని తను ఇన్నాళ్ళూ అనుమానంగా చూసింది.

"పొద్దన ఏంటికి చెప్పలేదు? సెంటరుకు పంపిస్తామన్నా గమ్మునుంటివే."

"ఇంకొకరి నోటి నుంచి బయటపడితే ఎట్లుంటాదో నాకు తెలుసు. వాని నోటితో వాడే చెప్పల్ల" అన్నాడు ఓబుళేశు. "నాది కాదని తేలింది గదా. నాకు అంతే చాలు."

*

ఇంటికి చేరేసరికి మూడున్నర. నట్టింట్లో సీసా లేదు. దాని చోట ఒక బట్టల సంచి ఉంది. సెంటరుకని తిరుపతమ్మ సర్ది పెట్టింది.

నాగజ్యోతి రిపోర్టు చదివి వినిపించింది. ముసలామెకు అంకెలు తెలియవు గానీ మూడు వందలు నలభైకి దిగిందంటే అర్థమైంది. సంచి విప్పి ఒక్కో చొక్కా తీసి దండెం మీద వేయడం మొదలుపెట్టింది. నాలుగో చొక్కా దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

"నిన్ను అడక్కముందే నట్టింట్లో పెడితిని నాయనా. తప్పు నాది."

"నీ తప్పేముండాదిమా. నా సీసాలు నువ్వు ఎన్ని చూసింటివి" అన్నాడు ఓబుళేశు. చొక్కాలు ఆమె చేతిలోంచి తీసుకుని తనే దండెం మీద వేశాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని, అందరికీ ఎదురైన ప్రశ్నే అడిగింది. "మరి అది ఎవరిది?"

జవాబు చెప్పాల్సినవాడు చెప్పకముందే గేటు దగ్గర హారను మోగింది. కడప బండి పావుగంట ముందే వచ్చింది. ఇద్దరు బలిష్ఠులు దిగి, ఒకడు కాగితం చూసుకుంటూ లోపలికి కేకేశాడు.

"పేషెంటు యాడ?"

పిలిపించినవాడు రాజశేఖర్. లేచి పోయి పంపించెయ్యాల్సిందీ అతనే. కానీ అతను కుర్చీ చేతులు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. ఆ ప్రశ్న తననే అడిగినట్టు అతని మొహం పాలిపోయింది. అతని భార్య యామిని వంటింట్లోంచి వచ్చి మొగుడి మొహం చూసి, స్తంభానికి ఆనుకుని నిలబడింది.

ఓబుళేశు నడిచి గేటు దగ్గరికి పోయాడు. తనను ఒకప్పుడు మంచానికి కట్టినవాళ్ళలో ఒకడు ఆ ఇద్దరిలో ఉన్నాడు. నాగజ్యోతి వెనకాలే పరుగెత్తబోయి ఆగింది. అతనికి తన తోడు అవసరం లేదని నడకలోనే తెలిసింది.

"ఓబుళేశంటే నేనేనప్పా" అన్నాడు. "మానేసి ఎనభై నాలుగు దినాలాయ. మీరు పోవచ్చు."

కాగితం పట్టుకున్నవాడు ఇంత దూరం ఊరికే వచ్చామా అని గొణిగాడు. రెండోవాడు, పాతవాడు, ఓబుళేశును పైనుంచి కింద దాకా చూశాడు. గేటు మీద ఆనించిన అతని చేతిని చూశాడు. అది వణకడం లేదు. ఇంకేమీ మాట్లాడకుండా తోటివాడి భుజం తట్టి బండి ఎక్కించాడు. బండి తిరిగి రోడ్డెక్కే దాకా ఓబుళేశు అక్కడే నిలబడ్డాడు.

అతను లోపలికి వచ్చేసరికి రాజశేఖర్ తల వంచుకుని ఉన్నాడు.

"అమా, ఆ సీసా నాది."

తిరుపతమ్మకు వెంటనే అర్థం కాలేదు. యామినికి అర్థమైంది. ఆమె ఆశ్చర్యపోలేదు. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు స్తంభం పక్కనే కూలబడింది.

"రెండేండ్లాయ" అన్నాడు రాజశేఖర్. మొదట రాత్రిళ్ళు మీటింగుల తర్వాత, తర్వాత పగలు, ఇప్పుడు లేస్తూనే. తమ్ముడి పేరు చాటున తనది దాగిపోతుందనుకున్నాడట. "పొద్దన ఆ సీసా చూసి, నాదని తెలిసీ, బండికి ఫోను చేసినా. వాడు అన్నీ తెలిసే గమ్మునున్యాడని ఇప్పుడు వాని మొహం చూస్తాంటే తెలుస్తాండాది."

నాగజ్యోతికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ మొగుడి మొహంలో అది లేకపోవడం చూసి తనదీ మింగేసింది.

రాజశేఖర్ లేచాడు. కారులోవీ, కొట్టంలోవీ అన్నీ ఇప్పుడే పారబోసి వస్తానన్నాడు. ఇక చుక్క ముట్టనన్నాడు.

"వద్దు బావా" అంది నాగజ్యోతి. "దినామూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. పానానికే ముప్పు. ఎట్ల ఆపాలో డాక్టరమ్మకు ఇప్పుడే ఫోను చేసి అడుగుతా. రేపు పదింటికి ఆమె కాడ ఉండల్ల."

"రేపు పదింటికి నామినేషను" అంది యామిని కింద నుంచే. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, గుర్తుచేయడమే ఉంది.

ఆ మాట అంటుండగానే బల్ల మీద రాజశేఖర్ ఫోను మోగింది. పార్టీ మనిషి. ఊరేగింపుకు ట్రాక్టర్లు ఎన్ని, ఎన్నింటికి బయలుదేరాలి అని పొద్దున్నుంచి అడుగుతున్నవాడే. రాజశేఖర్ ఫోను వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు. అది మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఓబుళేశు ఒక కుర్చీ లాక్కొచ్చి అన్న పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"ఏం చెప్పాలన్నా నువ్వే చెప్పన్నా. నేను ఈడే ఉంటా."

రాజశేఖర్ వణికే చేత్తో ఫోను ఎత్తాడు.